నిమ్మ మిరియాల పొడి: వాసన తొక్కది, పులుపు రసానిది

వంటింటి సందేహాలు – సమాధానాలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా నిమ్మ మిరియాల పొడి గురించే. షాపుల్లో లెమన్ పెప్పర్ పేరుతో దొరికేది ఇదే. పొడి చేదెక్కిందని ఒకరు, గడ్డ కట్టిందని ఇంకొకరు, పులుపే లేదని మరొకరు రాశారు. అందుకే మిగతా ప్రశ్నలు పక్కన పెట్టి మొత్తం దీనికే కేటాయించాం.

ప్రశ్న: చిన్న సీసా కొంటే నెల తిరక్కుండానే అయిపోతోంది. ఇంట్లో చేసుకోవడానికి కొలతలు చెప్పండి. మా ఇంట్లో తూకం లేదు, చెంచాల లెక్కలో కూడా ఇవ్వండి.
– ఒక పాఠకురాలు, పటమట, విజయవాడ

ఒక చిన్న సీసాకి సరిపడా కొలత ఇది. నిమ్మకాయలు 20. మిరియాలు 25 గ్రాములు, అంటే మూడు టేబుల్ స్పూన్లకు కాస్త తక్కువ. ఉప్పు 15 గ్రాములు, తలకొట్టిన టేబుల్ స్పూను కంటే కొంచెం తగ్గించి. నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) 2 గ్రాములు, సుమారు అర టీ స్పూను. వెల్లుల్లి పొడి ఒక టీ స్పూను. పంచదార అర టీ స్పూను వేస్తే పులుపు కోత తగ్గుతుంది, వద్దనుకుంటే మానేయొచ్చు. నిమ్మ ఉప్పు కిరాణా కొట్టులో పొట్లంగా దొరుకుతుంది. తినేదానికని చెప్పి, పేరు రాసి ఉన్న ప్యాకెట్టే తీసుకోండి. వంట సోడా డబ్బా పక్కన మాత్రం పెట్టకండి. రెండూ తెల్లగానే ఉంటాయి, ఒకదాని బదులు ఒకటి పడితే పొడి మొత్తం పారబోయాల్సిందే.

కాయలు గోరువెచ్చటి నీళ్లలో వేసి, పీచుతో రుద్ది కడిగి, బట్టతో పూర్తిగా తుడవండి. తడి కాయ తురుము పీట మీద జారిపోతుంది, తురుము కూడా ముద్దవుతుంది. రసం పిండకముందే తురమాలి. పిండేసిన డొప్ప చేతిలో నిలవదు. పైగా పిండేటప్పుడే తొక్కలోని నూనె సగం మీ వేళ్లకు అంటుకుపోయి ఉంటుంది.

తురుము పీటలో అన్నిటికంటే సన్న కన్నాలున్న వైపు వాడండి. మన నిమ్మకాయకు తొక్క పలచన. ఒకే చోట రెండుసార్లు గీస్తే చాలు, కింద తెల్లగా కనబడుతుంది. అక్కడ ఆగి కాయ తిప్పాలి. వాసనంతా పైనున్న పచ్చ పొరలో, చిన్న చిన్న చుక్కల్లా కనిపించే నూనె తిత్తుల్లో ఉంటుంది. తెల్ల పొరలో ఉన్నది చేదు ఒక్కటే.

ఆ తురుము విడిగా ఆరబెట్టకండి. ముందు మిరియాలను కచ్చాపచ్చాగా దంచి, అందులో ఈ పచ్చి తురుము వేసి, రెండు నిమిషాల పాటు వేళ్లతో నలుపుతూ కలపండి. తొక్కలోంచి ఊరిన నూనెను మిరియాల పలుకులు పీల్చుకుంటాయి. విడిగా ఆరబెడితే ఆ నూనె గాల్లో కలిసిపోయేదే. స్టీలు పళ్లెంలో పలచగా పరిచి, పైన పలచటి బట్ట కప్పి, నీడలో ఫ్యాన్ కింద పెట్టండి. పొడి వాతావరణంలో ఒకటిన్నర రోజు చాలు, రోజుకు రెండుసార్లు కలియబెట్టాలి. తురుము ముక్క వేళ్ల మధ్య వంగితే ఇంకా ఆరనట్టు, పుటుక్కున విరిగితే అయినట్టు.

ఉప్పు బాణలిలో అయిదు నిమిషాలు సన్నసెగ మీద వేడి చేసి చల్లార్చండి. అన్నీ మిక్సీలో వేసి మూడు సెకన్లు తిప్పి ఆపండి. జార్ కదిపి మళ్లీ మూడు సెకన్లు. నాలుగైదు సార్లలో రవ్వలా అవుతుంది. అక్కడితో ఆపేయాలి. మెత్తగా అవ్వాలని నిమిషం తిప్పితే జార్ వేడెక్కి, మూత తీయగానే వంటిల్లంతా ఘుమఘుమలాడుతుంది. ఆ వాసన సీసాలో ఉండాల్సింది!

ప్రశ్న: నిమ్మ తొక్కలు మేడ మీద రోహిణి కార్తె ఎండలో మూడు రోజులు ఎండబెట్టి పొడి చేశాను. గోధుమ రంగుకి తిరిగింది. వాసన లేదు, చేదు మాత్రం బాగా ఉంది. ఎక్కడ పొరపాటు జరిగింది?
– ఒక పాఠకురాలు, తెనాలి

మిరపకాయకి, వడియానికి పనికొచ్చే ఎండ నిమ్మ తొక్కకి పనికిరాదు. వాటిలో పోవాల్సింది నీరు. ఇందులో నీటితో పాటు నూనె కూడా ఆవిరయ్యే రకం. 45 డిగ్రీల ఎండలో డాబా మీద పళ్లెం ఇంకా ఎక్కువే కాలుతుంది. మొదటి రోజు మేడ మెట్ల దాకా వచ్చిన ఆ వాసనే మీ పొడిలో లేకుండా పోయింది. చేదు ఎండకి పోదు. పైగా తడి పోయిన కొద్దీ చిక్కబడుతుంది. మీరు డొప్పలు డొప్పలుగా ఎండబెట్టారని ఉత్తరంలో రాశారు కాబట్టి తెల్ల పొర కూడా అందులోనే ఉంది.

రంగు సంగతి వేరు. పచ్చ తొక్కలోని ఆకుపచ్చదనం పులుపు, వేడి కలిసి తగిలితే ముదురు ఆలివ్ రంగుకి, ఆ తర్వాత గోధుమకి మారుతుంది. గోంగూర ఉడికితే పచ్చదనం పోతుంది చూడండి, అదే ఇది. నీడలో ఆరినదీ కొంత మారుతుంది, దానికి కంగారు పడొద్దు. షాపు సీసాలోని పసుపు రంగు చాలావరకు పసుపు వల్లో, కలిపిన రంగు వల్లో వచ్చేదే. మీకూ ఆ రంగు కావాలంటే చిటికెడు పసుపు వేయండి, అంతకు మించితే పసుపు వాసన ముందుకొస్తుంది.

కాయ ఎంపిక కూడా చూసుకోండి. బాగా పండి మెత్తబడిన పసుప్పచ్చ కాయలో రసం ఎక్కువ, తొక్క వాసన తక్కువ. తురమడానికి పచ్చగా, గట్టిగా, నిగనిగలాడే కాయలు తీసుకోండి. తెనాలిలో నిమ్మ మార్కెట్టే ఉంది, ఏరుకునే వీలు మీకున్నంత మాకు లేదు.

ఇంకో జాగ్రత్త. కాయలు తురిమి, రసం పిండి, చేతులు కడుక్కోకుండా ఎండలోకి వెళ్లకండి. నిమ్మ తొక్క, రసం అంటిన చర్మం మీద ఎండ పడితే కొందరికి మంట, బొబ్బలు వచ్చి, నల్లటి మచ్చలు వారాల తరబడి ఉండిపోతాయి. సబ్బుతో మోచేతుల దాకా కడుక్కున్నాకే మేడ ఎక్కండి.

ప్రశ్న: వాసన బాగుంది కానీ పులుపు లేదు. ఇరవై కాయల బదులు నలభై కాయల తొక్క వేసి చూశాను, ఇంకా చేదైంది. నిమ్మ ఉప్పు వాడకుండా పులుపు రప్పించే మార్గం ఉందా?
– ఒక పాఠకుడు, భవానీపురం, విజయవాడ

నలభై కాదు, నాలుగు వందల కాయలు తురిమినా పులుపు రాదండీ. పులుపు రసంలో ఉంటుంది, తొక్కలో కాదు.

నిమ్మ ఉప్పు వద్దనుకుంటే రసాన్నే ఉప్పుకి పట్టించవచ్చు. 15 గ్రాముల ఉప్పులో రెండు టేబుల్ స్పూన్ల నిమ్మరసం కలిపి గాజు లేదా పింగాణీ పళ్లెంలో ఎండబెట్టండి. రెండు టేబుల్ స్పూన్ల రసంలో ఉండే ఆమ్లం దాదాపు 2 గ్రాములు. అంటే పైన చెప్పిన నిమ్మ ఉప్పుకి సమానమే. దీనికి మాత్రం ఎండ కావలసిందే, వేసవిలో రెండు రోజులు పడుతుంది. అల్యూమినియం, ఇత్తడి, రాగి పళ్లేలు పనికిరావు, పులుపు వాటిని తినేస్తుంది. ఇందులో ఉన్న చిక్కు ఏమిటంటే, రసంలోని చక్కెర ఉప్పుతో పాటే ఉండిపోతుంది కాబట్టి ఈ పొడి కొంచెం జిగటగా ఉంటుంది, తొందరగా గడ్డ కడుతుంది. పదిహేను రోజుల్లో వాడేసేంతే చేసుకోండి. వానాకాలంలో ఈ ప్రయత్నం వద్దు.

ఆమ్‌చూర్ వేయొచ్చా అని కూడా అడిగారు. వేస్తే పులుస్తుంది, కానీ మామిడి వాసన వస్తుంది. ఉసిరి పొడి వగరు. రెంటిలో ఏది వేసినా అది నిమ్మ మిరియాల పొడి అనిపించుకోదు.

ప్రశ్న: వానాకాలంలోనే నిమ్మకాయలు చవక. కానీ అప్పుడు చేస్తే పొడి వారంలో రాయిలా గడ్డ కడుతోంది. సీసాలో బియ్యపు గింజలు కూడా వేశాను, లాభం లేదు.
– ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

మీ ఉత్తరంలో అసలు కష్టం అంతా ఉంది. ఎండలు బాగున్న నెలల్లో కాయ ధర చుక్కల్లో ఉంటుంది. కాయ దిగేసరికి ముసురు పట్టుకుంటుంది. చవగ్గా ఉన్నప్పుడు కాయలు తురిమి, ఆ తురుమును చిన్న డబ్బాలో ఫ్రీజర్‌లో దాచడమే దీనికి మార్గం. రోజూ పులిహోరకో, షర్బత్‌కో రసం పిండేముందు ఆ రెండు కాయలూ తురిమి డబ్బాలో వేస్తూ ఉండండి. రెండు వారాల్లో ఒక సీసాకి సరిపడా పోగవుతుంది, విడిగా కాయలు కొనే పని కూడా ఉండదు. రెండు మూడు రోజులు వాన తెరిపి ఇచ్చినప్పుడు తీసి మిరియాలతో నలిపి ఆరబెట్టుకోవచ్చు.

తెరిపి లేకపోతే ఓవెన్ ఉంది. 60, 70 డిగ్రీల మధ్య పెట్టి, ఆవిరి బయటకి పోవడానికి తలుపు కొంచెం తెరిచి ఉంచి, నలభై నిమిషాల నుంచి గంట. పది నిమిషాలకోసారి కలపాలి. కొన్ని ఓవెన్లలో 100 కంటే తక్కువ ఉండదు. అప్పుడు అయిదు నిమిషాలు వేడి చేసి, ఆపేసి, ఆ వేడిలో పళ్లెం పెట్టండి. చల్లారాక పళ్లెం బయటికి తీసి, మళ్లీ వేడి చేసి పెట్టండి. మూడు నాలుగు సార్లు చేస్తే ఆరుతుంది. ఓవెన్ లేని వాళ్లు దోసెల పెనం వేడి చేసి, పొయ్యి కట్టేసి, పెనం చెయ్యి పెట్టి ఓర్చుకోగలిగేంత చల్లబడ్డాక దాని మీద పరచవచ్చు. పొయ్యి వెలుగుతుండగా మాత్రం వద్దు. ఫ్రిజ్‌లో మూత లేకుండా పెట్టినా మూడు నాలుగు రోజుల్లో ఆరుతుంది కానీ, అదే అరలో ఆవకాయ జాడీ, ఉల్లిపాయ ముక్క ఉంటే ఆ వాసనంతా ఇందులోకే.

ఇక గడ్డ కట్టడం. చెమ్మ పీల్చేవి ఇందులో మూడున్నాయి: ఉప్పు, నిమ్మ ఉప్పు, వెల్లుల్లి పొడి. మీరు కల్లుప్పు దంచి వేశానన్నారు. దాంట్లో ఉండే మెగ్నీషియం లవణాలు గాల్లో తేమను ఇట్టే లాక్కుంటాయి. ప్యాకెట్ ఉప్పు వేడి చేసి వాడండి. బియ్యపు గింజలు పీల్చేది చాలా తక్కువ, మనసుకి ధైర్యం తప్ప. షాపు పొడుల్లో గడ్డ కట్టకుండా 551 నంబరు పదార్థం, అంటే సిలికా పొడి కలుపుతారు. ఇంట్లో అయితే అర టీ స్పూను కార్న్ ఫ్లోర్ కలిపితే కొంత నయం.

అన్నిటికంటే పెద్ద తప్పు చాలామంది పొయ్యి దగ్గర చేస్తారు. ఉడుకుతున్న బాణలి మీద సీసా బోర్లించి చల్లుతారు. ఆవిరి నేరుగా సీసాలోకి పోతుంది. మూత బిగించగానే ఆ తడి లోపలే ఉండిపోతుంది. మీ సీసాలో పై అంగుళమే ముందు గట్టిపడిందని రాశారు, అది ఇలా వచ్చిందే అయ్యుంటుంది. పొడిని అరచేతిలోకో చిన్న గిన్నెలోకో వంపుకుని, అక్కడి నుంచి చల్లండి. గట్టిపడ్డ పొడి పాడైనట్టు కాదు. వాసన బాగుండి, బూజు లేకపోతే చిదిపి, పైన చెప్పినట్టు ఆరబెట్టి వాడుకోవచ్చు.

ప్రశ్న: మిరియాలు వేయించాలా, పచ్చివే వాడాలా? మంచివో కావో ఎలా తెలుస్తుంది? తెల్ల మిరియాలు వాడొచ్చా?
– ఒక పాఠకురాలు, సత్యనారాయణపురం, విజయవాడ

చారుపొడికి దోరగా వేయించే అలవాటు మనది. ఇక్కడ అది వద్దు. మిరియంలో మంట ఒకటి, వాసన ఇంకొకటి. మంట వేడికి పోదు, వాసన పోతుంది. మెత్తబడిన మిరియాలైతే గోరువెచ్చటి బాణలిలో ఒక్క నిమిషం తిప్పి దించేయండి.

కొనేటప్పుడు బరువుగా, గట్టిగా ఉన్నవి చూడండి. వేళ్లతో నొక్కితే నలిగిపోయేవి లోపల డొల్ల. ఒక గ్లాసు నీళ్లలో చెంచాడు వేస్తే మంచివి అడుక్కి చేరతాయి. బొప్పాయి గింజలు కలిస్తే పైకి తేలతాయి. డొల్ల మిరియాలూ తేలతాయి కాబట్టి తేలిన వాటిని తీసి చూడండి. బొప్పాయి గింజ కోలగా ఉంటుంది, కొరికితే మిరియం ఘాటు ఉండదు. మరీ నిగనిగలాడుతూ కిరసనాయిలు వాసన వచ్చేవి అసలు కొనొద్దు. కేరళ, కొడగు సరుకుతో పాటు మన పాడేరు, చింతపల్లి కాఫీ తోటల్లో సిల్వర్ ఓక్ చెట్లకు పాకించి పండించే మిరియాలు కూడా దొరుకుతాయి. తాజాగా దొరికితే అవి చక్కగా పనికొస్తాయి.

తెల్ల మిరియాలంటే నానబెట్టి పై పొర తీసేసినవి. వాసనలో ఎక్కువ భాగం ఆ పై పొరతోనే పోతుంది. తెల్ల సాస్‌లో నల్ల చుక్కలు కనబడకూడదనుకునే వాళ్లకి అవి.

ప్రశ్న: నిమ్మ బదులు కమలా, బత్తాయి, దబ్బకాయ తొక్కలు వాడితే?
– ఒక పాఠకుడు, మంగళగిరి

దబ్బకాయ దొరికితే వదలకండి. పై తొక్క వాసన నిమ్మ కంటే నిండుగా ఉంటుంది, ఒక పెద్ద కాయ నుంచి నాలుగైదు నిమ్మకాయల తురుము వస్తుంది. షాపు లెమన్ పెప్పర్‌లో వేసేది మన నిమ్మకాయ కాదు, దళసరి తొక్క ఉన్న పసుపు లెమన్. అందుకే ఇంట్లో చేసినది ఆ సీసా వాసనకి సరిగ్గా సరిపోదు. పది నిమ్మకాయలు, ఒక దబ్బకాయ కలిపి తురిమితే దానికి కొంచెం దగ్గరగా వస్తుంది.

కమలా తొక్క చేత్తోనే ఊడి వస్తుంది. లోపలి తెల్ల పీచు చెంచాతో గీకేసి, పై తొక్కను సన్నగా తరిగి ఆరబెట్టండి. తీపి వాసన, కోడి వేపుడికి బాగుంటుంది. నిమ్మ ఉప్పు అర టీ స్పూను కంటే కొంచెం పెంచాలి. బత్తాయి తొక్కలో చెప్పుకోదగ్గ వాసన లేదు, రసం తాగి వదిలేయండి.

ప్రశ్న: గుంటూరులో ఉండి మిరియాలేంటని ఇంట్లో నవ్వుతున్నారు. మిరపపొడితో చేయొచ్చా?
– ఒక పాఠకురాలు, అరండల్‌పేట, గుంటూరు

చేయొచ్చు, కానీ తూకానికి తూకం వేయకండి. 25 గ్రాముల మిరపపొడి వేస్తే నిమ్మ వాసన ఎక్కడుందో వెతుక్కోవాలి. మిరియాలు 15 గ్రాములకు తగ్గించి, గింజలు తీసిన 334 రకం ఎండుమిరపకాయలు 4 గ్రాములు పొడి చేసి కలపండి. ఇంకా కారంగా ఉండే తేజ రకం అయితే 2 గ్రాములు చాలు. ఎర్ర రంగు కావాలి, కారం వద్దు అనుకుంటే బాడిగ కాయ. ఈ పొడి జామకాయ, కీరా, కాల్చిన మొక్కజొన్న కండె మీద బాగుంటుంది. ఇంట్లో నవ్వే వాళ్ల ముందు మొదట జామకాయ ముక్కలతో పెట్టండి.

ప్రశ్న: అరకిలో కోడిమాంసానికి రెండు చెంచాల పొడి పట్టించి వేయించాను, నల్లబడి చేదొచ్చింది. కొర్రమీనుకి గంటన్నర పట్టిస్తే ముక్క విడిపోయింది.
– ఒక పాఠకుడు, వన్ టౌన్, విజయవాడ

పొడి కొలత సరిగ్గానే ఉంది, వేసిన సమయమే సరిగ్గా లేదు. వేడి నూనెలో నిమ్మ తురుము నిమిషంలో మాడుతుంది, వెల్లుల్లి పొడి దానికంటే ముందే మాడుతుంది. అమెరికాలో అట్లాంటా నగరంలో కోడి రెక్కలకి ఈ రుచి బాగా అలవాటు. వాళ్లు కూడా రెక్కలు వేయించి తీశాకే, కరిగిన వెన్నలో ఈ పొడి కలిపి వాటికి పట్టిస్తారు. మీరు ముక్కలకు ఉప్పు, అల్లం వెల్లుల్లి మాత్రం పట్టించి వేయించండి. పొయ్యి కట్టేశాక ఒక చెంచా వెన్నో నెయ్యో వేసి, రెండు టీ స్పూన్ల పొడి చల్లి, మూత పెట్టకుండా కలపండి. పొడిలో ఉప్పు ఉంది కాబట్టి ముందు వేసే ఉప్పు సగానికి తగ్గించాలి.

చేపకి గంటన్నర చాలా ఎక్కువ. పులుపు తగిలితే చేప కండ నిప్పు మీద పెట్టకుండానే తెల్లబడి, బిగుసుకుని, నీరు వదులుతుంది. పెనం మీద వేశాక పొరలు పొరలుగా ఊడుతుంది. పదిహేను నిమిషాలు మించొద్దు. రొయ్యలకి పది చాలు. పాలు పోసే వంటల్లో ఇది వేయకండి, విరుగుతాయి. పెరుగుకి ఇబ్బంది లేదు.

ప్రశ్న: మా వారికి బీపీ. ఉప్పు లేకుండా చేయొచ్చా?
– ఒక పాఠకురాలు, తాడేపల్లి

నిక్షేపంగా. ఉప్పు తీసేసి మిగతా కొలతలు అలాగే ఉంచండి. పులుపు, ఘాటు ఉన్నాయి కాబట్టి చప్పదనం అంతగా తెలియదు. ఉప్పు బదులు అమ్మే పొటాషియం ఉప్పు మాత్రం డాక్టరుని అడగకుండా వాడొద్దు. కిడ్నీ ఇబ్బంది ఉన్నవాళ్లకి, కొన్ని బీపీ మందులు వాడేవాళ్లకి అది ప్రమాదం.

ప్రశ్న: హాస్టల్‌లో చదువుతున్న అమ్మాయికి పంపాలి. ఎన్నాళ్లుంటుంది? ఏ డబ్బాలో పెట్టాలి?
– ఒక పాఠకురాలు, గుంటూరు

బాగా ఆరితే రెండు నెలలు వాసన గట్టిగా ఉంటుంది. ఆ తర్వాత పాడవదు, వట్టి పుల్లటి మిరియాల పొడిగా మిగులుతుంది. గాజు సీసా మంచిది. ప్లాస్టిక్ డబ్బా నిమ్మ నూనెను పీల్చుకుంటుంది, ఎన్నిసార్లు కడిగినా వాసన వదలదు. పలచటి, పెళుసు ప్లాస్టిక్ అయితే ఆ నూనెకి మసకబారుతుంది కూడా. గాజు పగులుతుందని భయమైతే మూత గట్టిగా పట్టే చిన్న స్టీలు డబ్బాలు రెండు తీసుకోండి. ఒకటి వాడకానికి, ఒకటి మూత చుట్టూ టేపు వేసి. పచ్చి వెల్లుల్లి దంచి కలపాలనుకుంటే ఆ ఆలోచన మానుకోండి. ఆ తడికి వారంలో బూజు పడుతుంది. కొన్న వెల్లుల్లి పొడి వేయండి, లేదంటే అసలు వెల్లుల్లే లేకుండా పంపండి. డబ్బాలో నింపే ముందు పొడి పూర్తిగా చల్లారిందో లేదో వేలితో అడుగుదాకా ముట్టి చూడండి.